జాన్ ఆలివర్‌కి పది, హసన్ మిన్హాజ్‌కి సున్నా

అమెరికా టెలివిజన్‌లో ఒకే బడిలో తర్ఫీదు పొంది, ఒకే తరహా కార్యక్రమం నడిపినవాళ్లు ఇద్దరున్నారు. జాన్ ఆలివర్ 2006లో ‘ది డెయిలీ షో’లో చేరాడు, హసన్ మిన్హాజ్ 2014లో. ఇద్దరికీ గురువు అప్పట్లో ఆ షో నడిపిన జాన్ స్టూవర్టే. ఆలివర్ 2014 ఏప్రిల్‌లో హెచ్‌బీవోలో ‘లాస్ట్ వీక్ టునైట్’ మొదలుపెట్టాడు. మిన్హాజ్ 2018 అక్టోబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘పేట్రియట్ యాక్ట్’ మొదలుపెట్టాడు. రెండింటిలోనూ వారానికో అంశం. దాన్ని మూలాల నుంచి తవ్వి, కాగితాలూ లెక్కలూ పాత వీడియోలూ ముందు పెట్టి, నవ్విస్తూనే వాదన గెలిపించుకునే పద్ధతి. ఆలివర్ షో 2016 నుంచి 2025 దాకా ఒక్క ఏడాది కూడా తప్పకుండా ఎమ్మీ తెచ్చుకుంది. అందులో ఏడు వెరైటీ టాక్ విభాగంలో, మూడు స్క్రిప్టెడ్ వెరైటీ విభాగంలో. మిన్హాజ్ షో ఆరు విడతలుగా నలభైకి అటూ ఇటూ ఎపిసోడ్లు నడిచి 2020 ఆగస్టులో రద్దయింది. సాంకేతిక విభాగాల సంగతి పక్కన పెడితే, ఉత్తమ వెరైటీ టాక్ కార్యక్రమంగా దానికి గెలుపు మాట అలా ఉంచి, నామినేషన్ కూడా రాలేదు.

పదికీ సున్నాకీ మధ్య ఉన్నంత దూరం ఆ రెండు కార్యక్రమాల మధ్య నిజంగా ఉందా?

ముందు వేదిక చూద్దాం. ఆలివర్‌ది బల్ల వెనక కూర్చుని చెప్పే పద్ధతి. భుజం పక్కన చిన్న బొమ్మ, ఎదురుగా కెమెరా, గొంతే ఆయుధం. వార్తలు చదివేవాడి భంగిమలో కూర్చుని ఆ భంగిమనే ఎగతాళి చేయడం అమెరికన్ టీవీలో పాతుకుపోయిన సంప్రదాయం. మిన్హాజ్ ఆ బల్లని తీసేశాడు. వెనక గోడలన్నీ తెరలే, కాళ్ల కింద నేల కూడా తెరే. లెక్కలు, పటాలు, కోర్టు కాగితాలు అతని చుట్టూ వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. వాటి మధ్య నడుస్తూ, చేతులు తిప్పుతూ, ఒక్కోసారి ప్రేక్షకుల్లో ఒకరి వైపు తిరిగి నేరుగా వాళ్లకే చెబుతున్నట్టు మాట్లాడతాడు. చూసేవాళ్లకి ఇది కేవలం హంగుగా అనిపించవచ్చు. కానీ ఒక గంభీరమైన ఆర్థిక విషయాన్ని ఇరవై ఏళ్ల కుర్రవాడు ఫోన్‌లో చూస్తాడని గ్రహించి, ఆ చూపుకి తగ్గట్టు రూపాన్ని తిరగరాసిన మొదటి పెద్ద ప్రయత్నాల్లో ఇదొకటి. ‘వెరైటీ’ అని పేరు పెట్టుకున్న విభాగంలో రూపంలోని కొత్తదనానికి విలువ లేకపోతే ఇంకెక్కడ ఉండాలి?

అయితే రూపం కన్నా కూడా నన్ను ఆకట్టుకున్నది మాట్లాడేవాడు నిలబడిన చోటు. ఆలివర్ బ్రిటిష్‌వాడు. అమెరికాని బయటినుంచి వచ్చినవాడి విస్మయంతో చూస్తాడు. ‘ఇంత అన్యాయం జరుగుతుంటే మీరెలా ఊరుకుంటున్నారు’ అన్న ఆశ్చర్యమే అతని హాస్యానికి ఇంధనం. మిన్హాజ్ వలస వచ్చిన భారతీయ ముస్లిం కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టి పెరిగినవాడు. ‘ఇందులో మన వాటా ఎంత’ అని అడగగలిగిన చోట ఉన్నాడు. ఆ తేడా మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే తెలుస్తుంది. హార్వర్డ్ ప్రవేశాల్లో ఆసియన్ విద్యార్థులకి అన్యాయం జరుగుతోందన్న దావా అప్పుడు కోర్టులో విచారణకి వచ్చింది. దాని వెనక ఉన్న ఎడ్వర్డ్ బ్లమ్ ఎవరో, అంతకుముందు ఏ ఏ దావాలు నడిపాడో మిన్హాజ్ వరసగా చూపించాడు. తర్వాత కెమెరా వదిలి తనవాళ్ల వైపు తిరిగినట్టు, మన పిల్లల ర్యాంకుల మీద మనకున్న వ్యామోహాన్ని ఇంకెవరో వాడుకుంటున్నారని చెప్పాడు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పదో తరగతి పిల్లాడికి కాలేజీ దరఖాస్తుల కోచింగ్ పెట్టించిన తెలుగు తల్లిదండ్రులకి ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎపిసోడ్‌తో అందరూ ఏకీభవించాలని లేదు. కానీ ఆ మాట ఆలివర్ అనలేడు, అన్నా ఆ బరువు రాదు.

ఇద్దరూ భారత రాజకీయాల మీద చేసిన ఎపిసోడ్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మిన్హాజ్‌ది 2019 మార్చిలో, మన లోక్‌సభ ఎన్నికలకి ముందు వచ్చింది. మొదట్లోనే దేశీ అంకుల్స్, ఆంటీలు కొందరు బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. ఆ విషయం జోలికి పోవద్దని అతన్ని హెచ్చరిస్తారు, బతిమాలతారు, చిరాకు పడతారు. చూసినవాళ్లు అందులో తమ ఇంటి భోజనాల బల్లని గుర్తుపట్టారు. విదేశాల్లో ఉన్న భారతీయుడు తన దేశ రాజకీయాల గురించి మాట్లాడితే ఎన్ని రకాల భయాలు మేల్కొంటాయో ఏ గణాంకం అక్కర్లేకుండా చెప్పిన దృశ్యం అది. అక్కడినుంచి బాలాకోట్ దాడులు, నోట్ల రద్దు, శశి థరూర్‌తో సంభాషణ. ఆలివర్‌ది 2020 ఫిబ్రవరిలో, ట్రంప్ అహ్మదాబాద్ రావడానికి ముందురోజు ప్రసారమైంది. పౌరసత్వ సవరణ చట్టం, జాతీయ పౌర పట్టిక, 2002 గుజరాత్ అల్లర్లు అన్నీ ఒక తాడు మీద పేనినట్టు క్రమంగా చెప్పాడు. వాదన నిర్మాణంలో ఆలివర్ ఎపిసోడే గట్టిది. ఒక్క వాక్యం కూడా వృథా పోదు. మిన్హాజ్ ఎపిసోడ్‌లో విషయాలు ఒకదాని మీద ఒకటి పడి, మధ్యలో కొంత గజిబిజి అవుతుంది. కానీ అది చూశాక గుర్తుండేది ఆ అంకుల్ ముఖం. ఆలివర్‌ది చూశాక గుర్తుండేది సమాచారం.

ఇద్దరి షోలూ ధర చెల్లించినవే. పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ హత్య తర్వాత సౌదీ యువరాజు మీద మిన్హాజ్ చేసిన ఎపిసోడ్‌ని అక్కడి ప్రభుత్వం అడగగానే నెట్‌ఫ్లిక్స్ సౌదీ అరేబియాలో తీసేసింది. మోదీ మీద ఆలివర్ ఎపిసోడ్‌ని హాట్‌స్టార్ ఇండియాలో పెట్టనేలేదు. ఒకే సాహసం, ఒకే ఫలితం.

అప్పుల విషయంలో ఇద్దరి పనితీరూ పోల్చదగింది. 2016లో ఆలివర్ బృందం మిసిసిపీలో ఒక వసూళ్ల కంపెనీ నమోదు చేసి, 60 వేల డాలర్ల లోపు ఖర్చుతో దాదాపు 9 వేల మంది ఆసుపత్రి బాకీలు కొని మాఫీ చేసింది. ఆ బాకీల విలువ సుమారు కోటిన్నర డాలర్లు. టెలివిజన్‌లో అంతకు మించిన ముగింపు నేను చూడలేదు. మిన్హాజ్ 2019లో విద్యార్థి రుణాల మీద ఎపిసోడ్ చేశాడు. నాలుగు కోట్లకు పైగా అమెరికన్ల మెడకి చుట్టుకున్న ఆ అప్పుల్ని వసూలు చేసే సంస్థలు తప్పుడు సలహాలతో వాళ్లని ఎలా ఇంకా లోతుకి దించుతాయో చూపించాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రతినిధుల సభ ఆర్థిక సేవల కమిటీ ముందు సాక్షిగా కూర్చుని అదే విషయం చెప్పాడు. ఒకరిది వేదిక మీద జరిగిన అద్భుతం, మరొకరిది స్టూడియో బయట సాగిన వాదన. తూకంలో ఆలివర్‌దే కాస్త బరువు. కాస్తే.

మిన్హాజ్ లోపాల్ని దాచి పెట్టి ఈ పోలిక చేయడం న్యాయం కాదు. అతని వేగం కొన్నిసార్లు విషయాన్ని మింగేస్తుంది. ర్యాప్, స్నీకర్ల ప్రస్తావనలు ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచడానికి వేసిన తాయిలాల్లా అనిపిస్తాయి. 2023లో న్యూయార్కర్ పత్రిక అతని స్టాండప్ ప్రదర్శనల మీద కథనం రాసింది. స్వీయానుభవాలుగా చెప్పిన కొన్ని ఘటనలు అలా జరగలేదని అందులో బయటపెట్టింది. ఆ కథనం తనను తప్పుగా చూపించిందని అతను వీడియోలో జవాబిచ్చాడు. నిజాలే పెట్టుబడిగా షో నడిపినవాడికి అది చిన్న మచ్చ కాదు. కానీ 2019లో, 2020లో ఎమ్మీలకి ఓటు వేసినవాళ్ల ముందు ఆ కథనం లేదు. వాళ్ల నిర్ణయాన్ని దానితో సమర్థించలేం. ఆలివర్‌కీ బలహీనతలున్నాయి. ఒక దారుణమైన వాస్తవం, వెంటనే ఒక వింత ఉపమానం, ఆ తర్వాత ఒక అరుపు. ఈ వరస పదేళ్లుగా మారలేదు. తరచూ చూసేవాళ్లు తర్వాతి నవ్వు ఎక్కడ వస్తుందో ముందే చెప్పగలరు.

ఇక కొలతల సంగతి. పీబడీ అవార్డుల్లో న్యాయనిర్ణేతలు కలిసి కూర్చుని ఏకగ్రీవంగా ఎంపిక చేస్తారు. ఆ కొలతలో ఆలివర్ షోకి 2014, 2017 సంవత్సరాలకి గౌరవం దక్కింది, ‘పేట్రియట్ యాక్ట్’కి 2018కి. అంటే చూసి, చర్చించి తేల్చేవాళ్ల దృష్టిలో రెండూ ఒకే వరసలో నిలబడ్డాయి. ఎమ్మీ నామినేషన్లు అలా కాదు. 20 వేలకు మించిన సభ్యులున్న అకాడమీలో, ఎవరికి వారు ఆన్‌లైన్‌లో ఓటేస్తారు. అన్నీ చూసి ఓటేయడం ఎవరివల్లా కాదు. రోజూ రాత్రి టీవీలో కనిపించే ముఖానికి అక్కడ సహజంగానే బలం ఉంటుంది. ‘పేట్రియట్ యాక్ట్’ విడతలుగా వచ్చేది, విడతకీ విడతకీ మధ్య నెలల విరామం. పైగా ఇలాంటి వారపు షోలని నిలబెట్టే ఓపిక నెట్‌ఫ్లిక్స్‌కి అప్పట్లో లేదు. చెల్సియా హ్యాండ్లర్ షో, మిషెల్ వుల్ఫ్ షో, జోయెల్ మెక్‌హేల్ షో అన్నీ అక్కడ త్వరగానే ముగిసిపోయాయి. నిర్మించిన సంస్థే తాత్కాలికంగా చూసేదాన్ని ఓటరు శాశ్వతంగా గుర్తుపెట్టుకోడు.

మిన్హాజ్ బయటివాడు కాబట్టి పక్కన పెట్టారని కొందరు అంటారు. ఆ వాదనని నేను పూర్తిగా ఒప్పుకోను. 2003 నుంచి 2025 దాకా ఈ విభాగంలో గెలిచిన ప్రతి కార్యక్రమం ‘డెయిలీ షో’ గూటిదే. అయితే ఆ షోనే, కాకపోతే స్టీఫెన్ కోల్‌బేర్ లేదా ఆలివర్ నడిపినది. 2020 నామినీలు ఐదింటిలో నాలుగు ఆ గూటివే. మిన్హాజ్ కూడా అక్కడివాడే. కాబట్టి పాఠశాల అడ్డం రాలేదు. ఆ పాఠశాలకి కేటాయించినన్ని కుర్చీలు అప్పటికే నిండిపోయాయి. ఆలివర్ గెలుస్తూ ఉండటం వల్ల, వారానికో వ్యాసం అనే రూపానికి అతనొక్కడే ప్రతినిధిగా స్థిరపడిపోయాడు. అదే రూపంలో ఇంకొకరు బాగా చేస్తే, అది ఆ రూపం ఎదుగుతోందనడానికి గుర్తు. ఓటర్లు దాన్ని నకలుగా చదువుకున్నారని నా అనుమానం.

ఆ విభాగమే అసలు సరిగ్గా కట్టింది కాదు. 2019 జాబితాలో ఆలివర్ పక్కన జేమ్స్ కార్డెన్ ఉన్నాడు. కారులో తారలతో పాటలు పాడించే షోనీ, ఎన్నికల మీద ఇరవై నిమిషాల వాదననీ ఏ గీటురాయి మీద గీయాలి? అకాడమీ ఈ చిక్కు గ్రహించి, సంభాషణలు ప్రధానమైన షోలని ఒకవైపు, రాసుకుని చెప్పే షోలని మరోవైపు పెట్టింది. ఆ మార్పు 2023 అవార్డుల నుంచి అమల్లోకి వచ్చింది. మిన్హాజ్ షో ఆగిన మూడేళ్లకి. మార్పు మంచిదే, కానీ దానికి ఎంట్రీల లెక్క తోడై ఇంకో నష్టం జరిగింది. 20 కన్నా తక్కువ ఎంట్రీలు వస్తే, దాదాపు నాలుగింటికి ఒకటి చొప్పున మాత్రమే నామినేషన్ ఇస్తారు. ఫలితంగా 2024లో, 2025లో స్క్రిప్టెడ్ వెరైటీలో రెండే పేర్లు, ‘లాస్ట్ వీక్ టునైట్’, ‘శాటర్డే నైట్ లైవ్’. 2025లో టాక్ విభాగంలో మూడు పేర్లే మిగిలాయి. అంతకుముందు మూడేళ్లు వరసగా జాబితాలో ఉన్న సెత్ మేయర్స్ షో ఆ ఏడాది బయటే ఉండిపోయింది. ఆ షో నాణ్యత ఏమీ తగ్గలేదు. కుర్చీలే తగ్గాయి. ఇలాంటి ఏర్పాటులో కొత్తగా వచ్చే ఏ మిన్హాజ్‌కైనా తలుపు ఇంకా ఇరుకే. ఎంట్రీలు ఎన్ని వచ్చినా కనీసం ఐదు పేర్లు ఉండాలన్న నియమం పెట్టడం అకాడమీకి ఒక తీర్మానంతో అయ్యే పని. అది వెంటనే చేయాలి.

ఇంతకీ మొదటి ప్రశ్నకి నా తీర్పు ఇది. 2019 జాబితాలో కార్డెన్ షో ఉన్న స్థానం, 2020 జాబితాలో జిమ్మీ కిమెల్ షో ఉన్న స్థానం న్యాయంగా ‘పేట్రియట్ యాక్ట్’కి దక్కాల్సినవి. విజేతని ఎంచమంటే మాత్రం, రెండేళ్లూ నా ఓటు ఆలివర్‌కే.