తీగ లాగితే డొంకెంత కదలాలి?

అమెరికాలో మనవాళ్లు ఇళ్లు తెగ మారుతుంటారు. ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఇర్వింగ్‌లో దిగుతారు. అక్కడ కాస్త కుదురుకోగానే ఫ్రిస్కోలో సొంత ఇల్లు కొనుక్కుంటారు. అలా మారిన ఒక కుటుంబం, తాము ఏటా చందా ఇచ్చే సేవాసంస్థకు ఫోన్ చేసి కొత్త అడ్రస్ చెప్పిందనుకోండి. అక్కడి వాలంటీరు ఆ కుటుంబం పేరు మీదున్న రికార్డు తెరిచి, అడ్రస్ మార్చి, సేవ్ కొడుతుంది. ఆమె పని అయిపోయింది. ఆ కుటుంబం కింద మరో నాలుగు రికార్డులున్నాయి: భర్త, భార్య, సియాటిల్‌లో ఉద్యోగంలో చేరిన కొడుకు, గుంటూరు అడ్రస్‌తోనే నమోదై ఆర్నెల్ల కోసం వచ్చిన అమ్మమ్మ. వీళ్లలో ఎవరి అడ్రస్ మారాలి, ఎవరిది మారకూడదు? ఆ నిర్ణయం వాలంటీరు తీసుకోదు. ఎప్పుడో, ఎక్కడో కూర్చుని ట్రిగ్గర్ రాసిన మనిషి ముందే తీసుకుని ఉంటాడు. ఇలాంటి నిర్ణయాలు తీసుకోవడమే నా వృత్తి.

డేటాబేస్‌లో ఒక రికార్డు పుట్టినా, మారినా, పోయినా ఎవరూ పిలవకుండానే నడిచే కోడ్‌ని ట్రిగ్గర్ అంటారు. ఈ ఆలోచన పాతదే. ఐబీఎం సాన్‌హోజే పరిశోధనాలయంలో పనిచేసిన కె.పి. ఈశ్వరన్ 1976లోనే ట్రిగ్గర్ల మీద పత్రం రాశారు. 1992లో వచ్చిన ఒరాకిల్ 7లో అవి చేరాయి. 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకీ ఎక్కాయి. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన సేల్స్‌ఫోర్స్, 2006లో అపెక్స్ అనే సొంత భాషను ప్రకటించి, తన సీఆర్ఎంలో (కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్‌లో) ట్రిగ్గర్లు రాసుకునే వీలు కల్పించింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఆ భాష నేర్చుకుని డల్లాస్, న్యూజెర్సీ చేరిన తెలుగు పిల్లలతో కలిసి పనిచేస్తుంటాను. వాళ్ల చేతివేగం చూస్తే ముచ్చటేస్తుంది. అయినా ఒక మాట వాళ్లకు పదే పదే చెప్పాల్సి వస్తుంది: మార్చాల్సిన రికార్డులు మార్చడం ఈ పనిలో సగమే, తాకకూడనివి తాకకుండా ఉండడం మిగతా సగం.

మొదట చేతికొచ్చే కోడ్ నాలుగు లైన్లలో తేలిపోతుంది. అడ్రస్ మారిన కుటుంబాన్ని పట్టుకో, దాని కింద ఉన్నవాళ్లందరినీ తెచ్చుకో, అందరికీ కొత్త అడ్రస్ పెట్టు, అప్‌డేట్ కొట్టు. డెమోలో ఇది చక్కగా నడుస్తుంది. కానీ సియాటిల్ కొడుకు తన పేరున 300 డాలర్లు ఇచ్చి ఉంటే, రసీదు ఫ్రిస్కోకి పోతుంది. అమెరికాలో 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన ఏ చందాకైనా సంస్థ రాసిచ్చిన రసీదు దగ్గర లేకపోతే పన్ను మినహాయింపు అడగడానికి వీల్లేదు. కోడ్‌లో ఎర్రరేమీ రాలేదు, కానీ ఒక మనిషికి రావాల్సిన కాగితం రాలేదు.

ఇంకాస్త ఆలోచించి రాసేవాళ్లు మార్పుకు ముందున్న పాత విలువల్ని చూస్తారు. సేల్స్‌ఫోర్స్ ట్రిగ్గర్‌కి కొత్త రికార్డుతో పాటు పాతదాన్నీ అందిస్తుంది. ముందు కుటుంబం అడ్రస్ నిజంగా మారిందా అని పోల్చాలి. ఫోన్ నంబరు మాత్రమే మారి ఉంటే అక్కడే ఆగిపోవాలి. మారితే, కుటుంబం పాత అడ్రస్‌తో ఎవరి అడ్రస్ సరిపోతుందో వాళ్లకే కొత్తది పెట్టాలి. సియాటిల్ సియాటిల్‌గానే, గుంటూరు గుంటూరుగానే ఉంటాయి.

అక్కడితో అయిపోదు. భార్య రికార్డులో ఎవరో 'అపార్ట్‌మెంట్ 204' అని పూర్తిగా కొట్టారు, కుటుంబం రికార్డులో పొట్టిగా 'ఆప్ట్ 204' అని ఉంది. పోలిక కుదరలేదు కాబట్టి ఆవిడ పాత ఇంట్లోనే మిగిలిపోయింది. సేవాసంస్థల కోసం సేల్స్‌ఫోర్స్ మీద కట్టిన ఎన్‌పీఎస్‌పీ అనే ఓపెన్ సోర్స్ ప్యాకేజీ ఈ చిక్కుని తీర్చిన పద్ధతి నాకెంతో ఇష్టం. ఎవరైనా వేరే చోట ఉంటే వాళ్ల రికార్డులో 'నా అడ్రస్ వేరు' అని చెప్పే టిక్కుగడి ఒకటి పెట్టారు. ఏటా కొన్నాళ్లు ఒకచోట, కొన్నాళ్లు మరోచోట ఉండేవాళ్లకు తేదీలతో సహా సీజనల్ అడ్రస్ పెట్టుకోవచ్చు. అంటే ఏది కదలకూడదో కోడ్ ఊహించుకోనక్కర్లేదు, ఆ సంగతి తెలిసిన మనిషే చెప్పేలా ఏర్పాటు చేశారు. వివేకమంటే నా దృష్టిలో ఇదే.

అనవసరంగా తాకితే ఏం పోయిందని కొందరు అడుగుతారు. ఉన్న విలువే మళ్లీ రాసినా 'చివరిసారి మార్చినవారు' అన్నచోట కొత్త పేరు, కొత్త సమయం పడతాయి. ఆ పేరు ట్రిగ్గర్ రాసినవాడిది కాదు, సేవ్ కొట్టిన వాలంటీరుది. ఆమె తెరిచి కూడా చూడని రికార్డుల మీద ఆమె సంతకం పడుతుందన్నమాట. రేపెవరైనా కొడుకు అడ్రస్ చెడగొట్టిందెవరని వెతికితే ఆమె పేరే కనిపిస్తుంది. మారిన రికార్డుల్ని ఏరుకుని మెయిలింగ్ సాఫ్ట్‌వేర్‌కి పంపే రాత్రి జాబ్ వీటినీ ఏరుకుంటుంది. పైగా కాంటాక్ట్ (ఒక్కో మనిషి రికార్డు) మీద ఇంకో ట్రిగ్గర్ ఉంటే అదీ లేస్తుంది. అది మళ్లీ కుటుంబం రికార్డుని మార్చిందంటే, రెండూ ఒకదాన్నొకటి లేపుకుంటూ పోతాయి. పదహారు మెట్ల లోతు దాటితే సేల్స్‌ఫోర్సే గొలుసు తెంచి మొత్తం వెనక్కి తిప్పేస్తుంది.

సంఖ్య సంగతి మరొకటి. స్క్రీన్ మీద ఒకరు సేవ్ కొడితే ట్రిగ్గర్‌కి ఒక్క రికార్డే వస్తుంది. ఎక్సెల్ నుంచి వేల అడ్రస్‌లు ఒకేసారి ఎక్కించినప్పుడు రెండేసి వందల చొప్పున వస్తాయి. లూప్ లోపల క్వెరీ రాసినవాళ్ల కోడ్ నూరు క్వెరీల దాకా బాగానే నడుస్తుంది, నూటొకటోది అడగ్గానే ఆ రెండొందల రికార్డులూ వెనక్కి పోతాయి. 'టూ మెనీ ఎస్‌ఓక్యూఎల్ క్వెరీస్: 101' అన్న ఎర్రర్ చూడని సేల్స్‌ఫోర్స్ డెవలపర్ ఉండడు. చాలామంది దీన్ని అడ్డంకి అనుకుంటారు. కానీ మన కోడ్ నడిచే సర్వర్ల మీదే, అదే డేటాబేస్‌లో వేరే కంపెనీల పని కూడా నడుస్తూ ఉంటుంది. ఒకరి లూప్ వల్ల ముక్కూమొహం తెలియనివాళ్ల పని ఆగకూడదనే ఆ లిమిట్. కాబట్టి ఐడీలన్నీ ముందు ఒక సెట్‌లోకి చేర్చు, ఒకే క్వెరీతో తెచ్చుకో, మ్యాప్‌లో పెట్టుకుని పోల్చు, మారినవాటిని మాత్రమే ఒక లిస్టులో వేసి ఒకే అప్‌డేట్ ఇవ్వు. ఇలా రాసినవాడు పక్కవాళ్లని కూడా తాకకుండా వదిలినట్టే.

అసలు ట్రిగ్గర్ అవసరమా అన్నది అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. పైనున్న రికార్డులోని విలువ కింద కనిపిస్తే చాలనుకుంటే ఫార్ములా ఫీల్డ్ ఉంది, అది కాపీ చేయదు, చూపిస్తుందంతే. మాస్టర్-డీటెయిల్ సంబంధమైతే మొత్తం చందాలు కూడి చెప్పడానికి రోలప్ సమ్మరీ ఉంది. తేలికపాటి మార్పులకు కోడ్ రాయకుండా తయారుచేసుకునే ఫ్లో సరిపోతుంది. ఒకే సమాచారం రెండుచోట్ల దాచడమంటే ఆ రెండూ ఎప్పటికీ ఒక్కటిగా ఉంటాయని మాటివ్వడం. తప్పనిసరైతేనే ఆ మాట ఇవ్వాలి.

అపెక్స్ కోడ్ ప్రొడక్షన్‌కి వెళ్లాలంటే అందులో కనీసం 75 శాతం లైన్లు టెస్టుల్లో నడిచి ఉండాలన్నది నిబంధన. ఆ శాతం లైన్లు నడిచాయనే చెబుతుంది, న్యాయంగా నడిచాయో లేదో చెప్పదు. అందుకే నా దగ్గరకు రివ్యూకి వచ్చిన ప్రతి ట్రిగ్గర్‌కీ మారకూడనివాటి మీద కూడా టెస్టు అడుగుతాను. తల్లిదండ్రుల అడ్రస్ ఫ్రిస్కోకి మారిందని తనిఖీ చేసే అసర్ట్ ఒకటి రాస్తే, కొడుకు అడ్రస్ సియాటిల్‌లోనే ఉందని ఇంకో అసర్ట్ రాయాలి, అమ్మమ్మ రికార్డులో మార్పు సమయం కూడా మారలేదని మరొకటి. కుర్రాళ్లకు మొదట్లో ఇది చాదస్తంగా అనిపిస్తుంది. కానీ ఆ టెస్టు రాయడానికి కూర్చుంటే, ఈ మార్పు ఎవరికి చెందదు అని ఆలోచించక తప్పదు. ఆ ఆలోచన చేసినవాళ్ల కోడ్ చిన్నదవుతుంది, సూటిగా ఉంటుంది, వాళ్లు ఉద్యోగం మారాక వచ్చినవాళ్లకీ అర్థమవుతుంది. మనం రాసింది మన కంటి ఎదుట నడవదు, మనల్ని ఎరగనివాళ్ల పేరు మీద, మనం ఎన్నడూ చూడని మనుషుల వివరాల మీద నడుస్తుంది. తీగ లాగితే డొంకంతా కదిలించడం ఎవరికైనా చేతనవుతుంది. ఎంతమేరకు కదలాలో తేల్చి అంతే కదిలించడానికే మనకు జీతమిస్తున్నారు.