కొర్రమీనుకు అమెరికా కప్ప

శామీర్‌పేట వైపు ఒక చెరువు కట్ట మీద ఈ వారం ఓ కుర్రాడు గాలం వేస్తూ కనిపించాడు. దారం చివర ప్లాస్టిక్ కప్ప. ఆకుపచ్చ వీపు, పసుపుపచ్చ పొట్ట, వెనక కాళ్ల చోట రెండు రబ్బరు కుచ్చులు. అది వచ్చిన ప్యాకెట్ మీద నోరు తెరుచుకుని ఎగురుతున్న లార్జ్‌మౌత్ బాస్ బొమ్మ ఉంది. అది ఉత్తర అమెరికా సరస్సుల చేప. మన చెరువుల్లో కొర్రమీను ఉంటుంది గానీ బాస్ ఎక్కడిది? ‘దీనికి పడుతుందా నాయనా?’ అంటే, ‘దీనికే పడుతుంది అంకుల్’ అన్నాడు. అని ఆ ఖాళీ ప్యాకెట్‌ని కట్ట మీదే పడేశాడు.

చెరువు దగ్గర ప్లాస్టిక్ కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుందని ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ప్యాకెట్ సంగతి అలా ఉంచితే, ఆ కప్పే ప్లాస్టిక్. 1949లో అమెరికాలోని అక్రాన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తటి ప్లాస్టిక్‌తో వానపామును పోతపోసి బాస్ చేపలకు ఎర వేశాడు. ఇప్పుడు అక్కడ ఆ ఎరలతోనే ట్రౌట్‌నీ పడుతున్నారు. మనకు ట్రౌట్ కావాలంటే ఊటీకో కాశ్మీరుకో పోవాలి. అందుకే ఇక్కడివాళ్లు ఆ సరుకునంతా కొర్రమీను మీదికి తిప్పారు. తెగి నీళ్లలో పడ్డ ముక్క కుళ్లదు, కరగదు. ఈ వారం దీని మీదే విరుచుకుపడదామని కూర్చున్నాను.

కూర్చుంటే మా మేనమామ గుర్తొచ్చాడు.

మృగశిర కార్తె ముందురోజు ఆయన ఇంట్లో కూర్చునేవాడు కాదు. మృగశిర నాడు చేప తినని ఇల్లు మా వైపు ఉండేది కాదు. రాంనగర్ మార్కెట్‌లో కొర్రమీను ధర ఆ రోజు కొండెక్కేది. మామ కొనేవాడు కాదు. చీకటితో లేచి వరిమళ్ల గట్ల వెంట చిన్న చిన్న కప్పల్ని పట్టి కుండలో వేసి, మూతికి తడి గోనెగుడ్డ కట్టేవాడు. ఆ కుండ మోసే పని నాది. లోపల అవి ఎగిరి గుడ్డకు తగులుతుంటే చేతికి తెలిసేది. చెరువు దగ్గర ఒక్కో కప్పను తీసి, తొడ దగ్గర చర్మంలో గాలం గుచ్చి, తామరాకుల మధ్య ఖాళీలో వదిలేవాడు. చచ్చిన కప్పను కొర్రమీను ముట్టదనేవాడు. అది కాళ్లు కొట్టుకుంటూ ఈదాలి. కాసేపటికి ఆకుల కింద నీళ్లు ఒక్కసారి ఉబికేవి, దారం బిగుసుకునేది. మామ తొందరపడేవాడు కాదు. మింగనిచ్చేవాడు. అందుకే గాలం ఎప్పుడూ కడుపులో దిగి ఉండేది. ఇంటికొచ్చాక అత్తమ్మ బండ మీద బూడిద చల్లి, జారిపోయే ఆ చేపను రుద్ది రుద్ది తోమేది. గాలి పీల్చే చేప కదా, అంత దూరం సంచిలో వచ్చినా ఇంకా కొట్టుకుంటూనే ఉండేది. కోశాక గాలాన్ని పేగుల్లోంచి విడదీసేవాళ్లు.

పులుసు రుచి ఎంతో గుర్తుంది. కుండలో కప్పల కదలిక అంతకంటే ఎక్కువ గుర్తుంది. కప్ప కాళ్ల ఎగుమతిని 1987లో మన దేశం నిషేధించింది. పురుగుల్ని తినే కప్పలు పొలాల్లోంచి తగ్గిపోతున్నాయని రైతు వైపు నుంచి మాట్లాడినవాళ్ల గోడు అందులో ఉంది. ఎర కోసం చచ్చే కప్పల్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

అలా చూస్తే ఆ కుర్రాడి చేతిలోని బోలు కప్పను తీసిపారేయలేను. దాని రెండు గాలపు ముళ్లూ వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి, అందుకే గుర్రపుడెక్క మీద కూడా చిక్కుకోకుండా జారుతుంది. చేప కరిస్తే మెత్తటి ఒళ్లు నొక్కుకుపోయి ముళ్లు బయటపడతాయి. బాస్ పెద్ద నోటితో నీళ్లతో సహా లోపలికి లాక్కుంటుంది. కొర్రమీనుకు పళ్లున్నాయి, అది కొరుకుతుంది. నీళ్లు ఎగిరిన మరుక్షణం లాగితే వట్టి కప్పే వెనక్కి వస్తుంది. చేప దాన్ని పట్టుకుని తిరిగే దాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు గట్టిగా గుంజాలి. ఇక్కడివాళ్లు పటకారుతో ఆ ముళ్లను కొంచెం బయటికి వంచుకుంటారు కూడా. గాలం ఎక్కువగా పెదవికో దవడకో పడుతుంది. చిన్నదైతే, గుడ్లున్నదైతే వదిలేయొచ్చు. మామ గాలానికి పడ్డ చేపకు ఆ అవకాశమే లేదు. చెరువులో ప్లాస్టిక్ వద్దని ఇన్నేళ్లు రాసిన నేను, ఈ ఒక్క ప్లాస్టిక్‌కు ఒప్పుకుంటున్నాను.

నా అభ్యంతరం ఇప్పుడు వేరే చోట ఉంది. అది నాకు కట్ట మీద ఒక ముసలి గంగపుత్రుడు చూపించాడు. కుర్రాడు గాలం విసరబోతుంటే, ‘ఆడ ఏయకు బిడ్డా, పిల్లలున్నయ్’ అన్నాడు. చూస్తే నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు, ఊపిరికి పైకొచ్చి మళ్లీ మునుగుతోంది. కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. దానికప్పుడు ఆకలితో పని లేదు, పిల్లల మీదికి ఏది వచ్చినా కొడుతుంది. అందుకే ప్లాస్టిక్ కప్పకు అంత సులువుగా దొరుకుతుంది. దాన్ని లాగేస్తే ఆ గుంపును మిగతా చేపలూ కొంగలూ పూర్తి చేస్తాయి. కుర్రాడు వెంటనే పక్కకు జరిగాడు. చెప్పేవాళ్లుంటే వినే పిల్లలే.

2016లో కొర్రమీనును తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం. చెరువుల మీద హక్కున్న మత్స్య సహకార సంఘాలు గాలం వేసేవాళ్లను రానిచ్చేటప్పుడే రెండు షరతులు పెట్టాలి. వానాకాలంలో పిల్లల గుంపు కనిపించిన చోట గాలం పడకూడదు. చిరిగిన కప్ప, తెగిన దారం, ఖాళీ ప్యాకెట్ ఏవైనా సరే, కట్ట దిగేటప్పుడు తెచ్చినవాడి సంచిలోనే ఉండాలి. ఆ షరతులు పెట్టడానికి ముందు ఎవర్నో అడగక్కర్లేదు, కట్ట మీద ఉన్న ఆ ముసలాయన్నే అడిగితే చాలు. ఏ మూల పిల్లలున్నాయో ఆయనకు తెలుసు.