తీర్పరికీ ఒక తీర్పు

గతించిన వారిని నేటి నీతితో తూచవచ్చునా అన్న ప్రశ్న తెలుగు సాహిత్య విమర్శకు కొత్తది కాదు. కందుకూరి వీరేశలింగం (1848–1919), ముద్దుపళనిల ఉదంతమే ఇందుకు నిదర్శనం.

ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి. తంజావూరు ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానంలో గౌరవం పొందిన గణిక. ఆమె ‘రాధికాసాంత్వనము’ శృంగార ప్రబంధం. ఆ కొలువులో శృంగారం దోషం కాదు, రసం. శతాబ్దం దాటాక వీరేశలింగం తమ ‘ఆంధ్రకవుల చరిత్రము’లో ఆమె పాండిత్యాన్ని అంగీకరిస్తూనే, అటువంటి వర్ణనలు స్త్రీ నోట రాదగవని ఈసడించారు. అంటే, తన కాలపు నీతితో గతాన్ని కొలిచిన వారిలో ఆయనా ఒకరు.

ఇప్పుడు మనం ఆయనను కొలుస్తున్నాము. ‘ఆ కాలం అటువంటిది’ అని సరిపెట్టుకోవడం సులభమే గాని, ఆ సమర్థనను ఆయనే ఒప్పుకొని ఉండరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించిన ఆ సంస్కర్త, లోకాచారమే ప్రమాణమన్న వాదాన్ని జీవితమంతా ఎదిరించారు.

పైగా ఆయన అభిప్రాయానికి జవాబు ఆయన జీవితకాలంలోనే వచ్చింది. దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రకటిస్తూ, సిగ్గూ మర్యాదా స్త్రీలకేనా, పురుషులకు వర్తించవా అని పీఠికలో నిలదీశారు. కనుక ఈ ఆక్షేపణ మనం నేడు తెచ్చి అంటగట్టినది కాదు.

గతాన్ని విచారించేటప్పుడు మనకు ఆధారం కావలసినది ఇదే. ఒకరి తప్పును ఆనాడే ఎవరైనా తప్పని చెప్పగలిగారా? చెబితే ఆ మాట విన్నారా? ఈ గీటురాయిపై వీరేశలింగం విమర్శ పక్షపాతంగానే తేలుతుంది. అయితే ఆయన స్త్రీవిద్యకు, వితంతువులకు చేసిన సేవ అందువల్ల చెరగదు. భోగంమేళాలను ద్వేషించిన ఆయన, ఆ వ్యవస్థను అందులోని స్త్రీ ప్రతిభ నుంచి వేరుచేసి చూడలేకపోయారు. అది ఆయన చూపుకున్న హద్దు.

1911లో ప్రభుత్వం ఆ గ్రంథాన్ని అశ్లీలమని నిషేధించింది. 1947 వరకు ఆ నిషేధం తొలగలేదు. నిషేధ భారాన్ని వీరేశలింగం ఒక్కరిపై మోపడం న్యాయం కాదు. కాని నీతి నిర్ణయం శాసనంగా మారితే, తర్వాతి తరాలకు పునర్విచారించే అవకాశమే మిగలదు. తీర్పు చెప్పడం తప్పు కాదు. తీర్పుకు లోనైన గ్రంథాన్ని పాఠకుని చేతి నుంచి లాగుకోవడమే తప్పు.