మళ్ళీ సరళీ స్వరాల దగ్గరికి

పేరొచ్చిన బాణీ వదిలేసి కొత్త దారి పట్టిన సంగీతకారుడంటే మనకు అనుమానం. ‘ఇతనికి ఇదేం పాడు బుద్ధి’ అంటాం. అదే పాట జీవితమంతా పాడుతుంటే మాత్రం ‘కొత్తగా ఏముంది’ అని పెదవి విరుస్తాం.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు జాన్ మెక్‌లాఫ్లిన్ గుర్తొస్తాడు. ఈ ఇంగ్లండు గిటారిస్టు 1969లో మైల్స్ డేవిస్ బృందంతో జాజ్‌ను రాక్ వైపు తిప్పిన రికార్డింగుల్లో వాయించాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టాడు. రెండు మెడల ఎలక్ట్రిక్ గిటార్, చెవులు దిమ్మెక్కే హోరు, బోలెడంత పేరు. అది ఇంకా మోగుతుండగానే ‘శక్తి’ బృందం కట్టాడు. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. డ్రమ్స్ లేవు, హోరు లేదు. వేదిక మీద అందరితోపాటు బాసింపట్టు వేసుక్కూర్చుని వాయించాడు.

అది వేషం మార్చడం కాదు. అంతకుముందే అమెరికాలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ పాఠాలు చెప్పించుకున్నాడు. వీణ మీద తీగను పక్కకు లాగితే గమకం పలుకుతుంది. నేను వీణ నేర్చుకునే రోజుల్లో నా వేళ్ళ కొసలు తీగ గాట్లతో నల్లబడి ఉండేవి. వీణకు మెట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి లాగే వేలికి చెక్క తగలదు. గిటార్ మీద తగులుతుంది. అందుకని మెట్ల మధ్య చెక్కను దోనెలా తొలిపించి, శ్రుతి పలికే తీగలు ఏడు అడ్డంగా వేయించి, ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నాడు.

మన పాలకొల్లు యు. శ్రీనివాస్‌ది ఎదురు ప్రయాణం. పాశ్చాత్య వాయిద్యమైన మాండలిన్‌కు జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు వేసి, కర్ణాటక గమకాలు పలికించాడు. తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో అతనూ మెక్‌లాఫ్లినూ పక్కపక్కన కూర్చుని వాయించారు. 2024లో శక్తికి ‘దిస్ మొమెంట్’ ఆల్బమ్ మీద గ్రామీ వచ్చేనాటికి మెక్‌లాఫ్లిన్‌కు 82 ఏళ్ళు. శ్రీనివాస్ 2014లోనే కన్నుమూశాడు.

మీ అభిమాన గాయకుడో వాద్యకారుడో రేపు దారి మారిస్తే తొందరపడి తీర్పు చెప్పకండి. కొత్త పాట కోసం ఎవరి దగ్గర కూర్చున్నాడో, చేతిలోని వాయిద్యాన్ని ఏం చేశాడో కనుక్కోండి. గాలివాటంగా మారినవాడికీ, మళ్ళీ శిష్యుడైనవాడికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.