అద్దె ఫ్లోర్లు, అద్దె కోర్లు

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో, ఓర్వకల్లు దగ్గర బస్సు కిటికీలోంచి కనిపించే రాళ్లగుట్టలకు సినిమావాళ్లు కొత్త కాదు. బాహుబలి షూటింగు మొదలైంది అక్కడే, 2013 జులై 6న. బనగానపల్లె నవాబు బంగళాను ఇప్పుడు చుట్టుపక్కల జనం అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. మర్యాద రామన్న కోసం గండికోటకు కెమెరాలు వెళ్లాయి. రాయి, ఎండ, బీడు సీమలో కావలసినంత ఉన్నాయి. అయితే ఓర్వకల్లులో కెమెరాకు చిక్కింది రాళ్లూ మనుషులూ మాత్రమే. కథలోని మాహిష్మతి రాజ్యంలో చాలా భాగాన్ని ఆ తర్వాత కంప్యూటర్ల మీద కట్టారు. ఆ పనిలో ముఖ్యమైన వంతు హైదరాబాద్‌లోని మకుట సంస్థది. మిగతాది ఎన్నో స్టూడియోలు పంచుకున్నాయి. సినిమా విడుదలయింది 2015 జులై 10న, అంటే షూటింగు మొదలుపెట్టిన రెండేళ్లకు.

ఇలాంటి సినిమాల్లో గ్రాఫిక్స్‌కు పట్టే కాలంలో పెద్ద ముక్క ఒకటి రెండరింగ్‌కు పోతుంది. దాని గురించి ఆడియో ఫంక్షన్లలో ఎవరూ మాట్లాడరు. ఆర్టిస్టు కోటను మలిచి, రంగులు అద్ది, దీపాలు పెట్టి, కెమెరా కోణం సరిచేసి బటన్ నొక్కాక, యంత్రం ఆ సమాచారాన్నంతా లెక్కగట్టి ఒక్కో ఫ్రేమును బొమ్మగా మార్చే పని అది. మనిషి పని అక్కడితో ఆగి యంత్రం పని మొదలవుతుంది. ఆ యంత్రాలు స్టూడియో గదిలోనే ఉండాలా, ఎక్కడో ఉన్నవాటిని గంటల లెక్కన అద్దెకు తెచ్చుకోవచ్చా అన్నదే క్లౌడ్ రెండరింగ్ కథంతా.

అద్దె అనే ఆలోచన తెలుగు సినిమాకు అమెరికా నుంచి దిగుమతి కాలేదు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డికి అది వెన్నతో పెట్టిన విద్య. మద్రాసులో తాడిపత్రివాసి మూలా నారాయణస్వామి కట్టించిన వాహినీ స్టూడియోను నాగిరెడ్డి, చక్రపాణి ముందు లీజుకు తీసుకున్నారు. తర్వాత అది నాగిరెడ్డి సొంతమై విజయా వాహినీ అయింది. ఆసియాలోనే పెద్ద స్టూడియో అని చెప్పుకునే స్థాయికి పెరిగింది. తమ సినిమాకు పని ఉన్నప్పుడు తమకు, లేనప్పుడు ఇతర నిర్మాతలకు. ఫ్లోరు ఖాళీగా ఉంటే నష్టం కాబట్టి తమిళం, హిందీ అని చూడకుండా ఎవరొచ్చినా అద్దెకిచ్చారు. అటు నిర్మాతకు కూడా సొంతంగా స్టూడియో కట్టుకునే బాధ తప్పింది. కావలసిన నాలుగు కాల్షీట్లకు డబ్బు కట్టి, సెట్టు విప్పి వెళ్లిపోయేవాడు. ఈ రోజు అమెజానో గూగులో సర్వర్లతో చేస్తున్న వ్యాపారం ఇదే. ఫ్లోర్ల బదులు ప్రాసెసర్ కోర్లు, కాల్షీట్ల బదులు గంటలు.

ఆ ఫ్లోర్లలో మాయలు చేసినవాళ్ల పద్ధతి వేరు. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్. రెండింటికీ దర్శకుడు కె.వి. రెడ్డి, ఆయనదీ తాడిపత్రే. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే. ఒకే ఫిల్ము మీద సగం కటకానికి నల్ల అట్ట అడ్డం పెట్టి ఒక సగం తీసేవారు. ఫిల్ము వెనక్కి తిప్పి, అట్టను రెండోవైపుకు మార్చి, మిగతా సగం తీసేవారు. కెమెరా గోరంత కదిలినా మొదటి సగం కూడా పోయినట్టే. ద్వారకా నగరాన్ని దాదాపు 300 బొమ్మ ఇళ్లతో మినియేచరుగా కట్టారు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరిపడే దృశ్యానికి రోజులు పట్టాయి. అంత ఓపిగ్గా చేసిందంతా కెమెరాలోనే జరిగిపోయేది. ఎలా వచ్చిందన్నది ల్యాబు నుంచి ప్రింటు వచ్చాకే తెలిసేది.

కంప్యూటరు వచ్చాక తప్పు దిద్దుకునే వీలు దొరికింది. బదులుగా లెక్క పెరిగింది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 2కె ఫ్రేములో సుమారు 22 లక్షల చుక్కలు ఉంటాయి, 4కె అయితే 88 లక్షలు. ఒక్కో చుక్క రంగు తేల్చడానికి యంత్రం కెమెరా నుంచి కిరణాలను వదులుతుంది. అవి రాతికి తగిలి, నేలకు తగిలి, నీటిలో వంగి, చివరికి ఏ దీపాన్ని చేరతాయో చూస్తుంది. కిరణాలు తక్కువైతే బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరగరగా వస్తుంది. ఆ గరగర సగం తగ్గాలంటే కిరణాలు రెండింతలు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి. కొత్తగా వచ్చిన ఆర్టిస్టులు ముందు బోల్తాపడేది ఇక్కడే. క్వాలిటీ కాస్త పెంచుదామని ఒక అంకె మారుస్తారు, పొద్దునకల్లా రావలసిన షాటు వారానికి పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అయిదు సెకన్ల షాటంటే 120 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు నాలుగు గంటలు పడుతుందనుకుంటే మొత్తం 480 గంటలు. ఒక్క యంత్రం మీద పెడితే 20 రోజులు. అదే 120 యంత్రాల మీద తలా ఒక ఫ్రేము పెడితే నాలుగు గంటలు, మధ్యాహ్నం భోజనం నుంచి సాయంత్రం టీ దాకా. అద్దె గంటల లెక్కన కాబట్టి ఒక యంత్రాన్ని 480 గంటలు వాడినా, 120 యంత్రాలను నాలుగేసి గంటలు వాడినా బిల్లు దాదాపు ఒకటే. క్లౌడ్‌లోని కీలకమంతా ఈ ఒక్క లెక్కలో ఉంది. సొంత యంత్రాలతో ఇది కుదరదు. ఆ నాలుగు గంటల కోసం 120 యంత్రాలు కొంటే, మిగతా ఏడాది అవి ఏసీ గదిలో దుమ్ము పట్టకుండా చూసుకోవాలి.

ఫ్రేముకు ఫ్రేముతో సంబంధం లేదు కాబట్టే ఇది సాధ్యం. పదో ఫ్రేము గీయడానికి తొమ్మిదో ఫ్రేము పూర్తి కానక్కర్లేదు. అన్ని పనులూ ఇలా విడిపోవు. బాహుబలి జలపాతమే చూడండి. అసలు నీళ్లు కేరళలోని అతిరప్పిళ్లివి, వాటి చుట్టూ కంప్యూటర్ నీళ్లు చేర్చారు. నీటి కదలికను లెక్కగట్టేటప్పుడు ఈ ఫ్రేములో బొట్టు ఎక్కడుందో తెలిస్తేగానీ తర్వాతి ఫ్రేములో ఎక్కడికి పోతుందో తెలియదు. దాన్ని వంద యంత్రాలకు ఫ్రేముల లెక్కన పంచడానికి వీల్లేదు. అందుకే సిమ్యులేషన్ అనే ఈ లెక్కను మంచి మెమరీ ఉన్న ఒకటి రెండు పెద్ద యంత్రాల మీద తమ దగ్గరే నడిపి, దాని ఫలితాన్ని ఫైళ్లుగా దాచి, రెండర్‌ను మాత్రం బయటికి పంపడం తెలివైన పద్ధతి. ఏది విడిపోతుందో ఏది విడిపోదో తెలిసిన పైప్‌లైన్ ఇంజనీరు ఉన్న స్టూడియోకు డబ్బు మిగులుతుంది.

రెండరింగ్ కోసమే యంత్రాలను ఒకచోట పేర్చే రెండర్ ఫార్మ్ అనేది పాత సంగతే. 1995లో పిక్సార్ టాయ్ స్టోరీని 117 కంప్యూటర్ల ఫార్మ్ మీద, సుమారు 8 లక్షల యంత్ర-గంటలు వెచ్చించి పూర్తి చేసింది. 2009 అవతార్‌కు న్యూజిలాండ్‌లోని గ్రాఫిక్స్ స్టూడియో వేటా దగ్గర వేల సర్వర్లున్నాయి. అలాంటి వేటాయే 2020 డిసెంబరులో అమెజాన్ క్లౌడ్‌కు మారుతున్నట్టు ప్రకటించింది. సొంత ఫార్మ్ ఎంత పెద్దదైనా విడుదల తేదీ దగ్గరపడిన నెలలో చాలదని చాలామందికి అప్పటికే అర్థమైంది. మన దగ్గర ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువ. సంక్రాంతికో దసరాకో తేదీ ముందే వేసేస్తారు. తేదీ కదలదు, దర్శకుడి మనసు మాత్రం కదులుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో 50 యంత్రాలతో సరిపోయే స్టూడియోకు ఆఖరి ఆరు వారాల్లో 500 కావాలి. ఒకప్పుడు దీనికున్న దారి ఒక్కటే, షాట్లు విడగొట్టి ఇతర స్టూడియోలకు పంచడం. అప్పుడు ఒక్కో స్టూడియో నుంచి నీళ్లు ఒక్కో రంగులో వస్తాయి. ఇప్పుడు పని తమ చేతిలోనే ఉంచుకుని యంత్రాలను మాత్రం తెచ్చుకోవచ్చు. అమెజాన్ ముంబయి కేంద్రం 2016లో, హైదరాబాద్ కేంద్రం 2022 నవంబరులో మొదలయ్యాయి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన అమెజాన్ డెడ్‌లైన్ క్లౌడ్ లాంటి సేవలైతే క్యూ నడపడం, యంత్రాలను లేపడం, పడుకోబెట్టడం కూడా తామే చూసుకుంటాయి.

చెప్పుకున్నంత సులువైతే కాదు. ముందు ఫైళ్లు అక్కడికి చేరాలి. ఒక షాటుకు కావలసిన టెక్స్చర్లు, నీటి ఫైళ్లు, మోడళ్లు కలిపి ఒక టెరాబైట్ ఉంటే, సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద, ఎక్కడా తెగకుండా పోతే, 22 గంటలు పడుతుంది. నాలుగు గంటల రెండర్‌కు 22 గంటల ప్రయాణం! అందుకని మారిన ఫైళ్లను మాత్రమే పంపుతారు. సినిమా మొదట్లోనే బరువైనవన్నీ ఒకసారి ఎక్కించి అక్కడే ఉంచుతారు. పంపడానికి సాధారణంగా డబ్బు తీసుకోరు, దింపుకోవడానికి తీసుకుంటారు. కాబట్టి అవసరం లేని పాసులు, పొరలు కిందికి లాగకూడదు.

చవక యంత్రాలకు ఇంకో తిరకాసు ఉంది. క్లౌడ్ కంపెనీ దగ్గర ఖాళీగా ఉన్నవాటిని స్పాట్ పేరుతో చాలా తక్కువకిస్తారు, అసలు ధరలో పదో వంతుకూ దొరకవచ్చు. కానీ వేరే గిరాకీ వస్తే అమెజాన్ రెండు నిమిషాల ముందు చెప్పి వెనక్కి లాగేసుకుంటుంది. పది గంటల ఫ్రేము తొమ్మిదో గంటలో పోతే మళ్లీ మొదటికే. ఫ్రేము చిన్నదైతే నష్టమూ చిన్నదే. అందుకే గంటలోపు అయ్యేలా షాటును పొరలుగా విడగొట్టి పంపడం అలవాటు చేసుకున్నారు: కోట ఒకటి, సైన్యం ఒకటి, దుమ్ము ఒకటి. తర్వాత కంపోజిటింగ్‌లో కలుపుతారు. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కూడా వంద యంత్రాలకు వంద కావాలి. వాటినీ గంటల లెక్కన అమ్మడం మొదలుపెట్టాకే చిన్న స్టూడియోలకు దారి తెరుచుకుంది.

ఇక నిర్మాతలకు దొంగల భయం. సినిమా ముక్క ఎవరి సర్వరులోనో ఉందంటే నిద్రపట్టదు. 2016లో బాహుబలి 2 యుద్ధ దృశ్యాలు విడుదలకు ముందే బయటికి పొక్కాయి. అది మనుషుల చేతిమీదుగా జరిగింది. తాళం ఎంత గట్టిదో చూడటం కన్నా తాళంచెవి ఎందరి దగ్గరుందో చూడటం ముఖ్యమని నా అభిప్రాయం.

వీటన్నిటికన్నా పెద్ద పొదుపు పంపకముందే జరుగుతుంది. ఆరితేరినవాళ్లు ముందు మొదటి ఫ్రేము, నడిమి ఫ్రేము, చివరి ఫ్రేము మాత్రమే తీయించి చూస్తారు. ఆ తర్వాత పదికి ఒకటి చొప్పున, అది కూడా సగం సైజులో. ఎక్కడైనా టెక్స్చర్ రాకపోతే, గుర్రం కాలు నేలలోకి దిగబడితే అక్కడే దొరికిపోతుంది. అప్పుడుగానీ మొత్తం 120 ఫ్రేములు పంపరు. యంత్రాలు అపరిమితంగా దొరుకుతున్నాయని ఈ మెట్టు దాటేసేవాళ్లు, తప్పు షాటును పూర్తి నాణ్యతతో, ఎంతో వేగంగా తీయించుకుంటారు. కె.వి. రెడ్డి రిహార్సల్లోనే స్టాప్‌వాచీ పట్టుకుని ఏ సీను ఎన్ని అడుగులు వస్తుందో తేల్చేవాడని, సెట్టు మీద ఆ లెక్క దాటేవాడు కాదని పేరు. ఫిల్ము దొరకడం కష్టమైన రోజుల్లో పుట్టిన క్రమశిక్షణ అది. యంత్రాల కరువు తీరిన ఈ రోజుల్లో దాన్ని పిసినారితనం అనుకునే దర్శకులున్నారు. వాళ్ల నిర్మాతల బిల్లులు చూస్తే అలా అనిపించదు.

కర్నూలు, కడపల్లో దీన్ని వాడుకోగలవాళ్లు తయారవుతూనే ఉన్నారు. కర్నూలులో 2015 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది, ఇడుపులపాయలో ఇంకో ట్రిపుల్ ఐటీ, కడపలో 2020 నుంచి ఆర్కిటెక్చర్, లలిత కళల విశ్వవిద్యాలయం. చదువు అయ్యాక పిల్లలు హైదరాబాద్ బస్సెక్కుతారు, ఎందుకంటే యంత్రాలున్న గది అక్కడుంది. గది అవసరం తీరిపోతే ఆ ప్రయాణానికి ఉన్న కారణాల్లో ఒకటి పోతుంది. నలుగురు లైటింగ్ ఆర్టిస్టులు, ఒక పైప్‌లైన్ ఇంజనీరు, నమ్మకమైన ఫైబర్ లైను ఉంటే కడపలోనే కూర్చుని పెద్ద షాటు ముగించవచ్చు. నేర్పుగల సూపర్‌వైజర్లు ఇంకా హైదరాబాద్‌లోనే ఉన్నారన్నది వేరే సంగతి. వాళ్లను గంటల లెక్కన అద్దెకు తెచ్చుకోలేం.

యంత్రాలనే సీమకు తెస్తే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. కరెంటు మాటకొస్తే వాళ్లది న్యాయమే. గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. పగటి కరెంటుతో నీళ్లను పైకి ఎక్కించి అవసరమైనప్పుడు వదిలే పంప్డ్ స్టోరేజీ పిన్నాపురంలో ఉంది. కాకపోతే పెద్ద డేటా సెంటర్లలో చాలావాటికి చల్లబరచడానికి నీళ్లు కావాలి, తాగే నీళ్లకే ట్యాంకర్ల కోసం చూసే ఊళ్లు ఇక్కడున్నాయి. నీటితో పనిలేని శీతలీకరణ ఉంటేనే ఆ మాట ఎత్తాలి. లేదంటే యంత్రాలు హైదరాబాద్‌లోనే ఉండటం మేలు. ఎండ ఇక్కడి నుంచి తీగల మీద వెళ్లగలదు, పని తీగల మీద రాగలదు.

అద్దె పద్ధతిలో చాలామంది ముందు ఆలోచించని చిక్కు ఒకటి సినిమా అయిపోయాక మొదలవుతుంది. మాయాబజార్ నెగెటివ్ మిగిలింది కాబట్టే 2010లో దానికి రంగులద్ది మళ్లీ విడుదల చేయగలిగారు. ఈనాటి సినిమా సీన్ ఫైళ్లు, ప్లేట్లు, రెండర్లు క్లౌడ్‌లో ఉంటే ప్రతి నెలా అద్దె పడుతూనే ఉంటుంది. అది కట్టడం మానేస్తే చెరిపేస్తారు. జాగ్రత్త ఉన్న సంస్థలు రెండర్లను వదిలేసి సీన్ ఫైళ్లను, అవి ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయో ఆ వివరంతో సహా, ఎల్‌టీఓ అనే నిల్వ టేపుల మీదికి ఎక్కిస్తాయి. రెండు కాపీలు, రెండు వేర్వేరు ఊళ్లలో.