మన ఊహలోని విద్యుత్ వీణ

వాద్యప్రియులకు ఒక వేడుక కలదు. తమకు నచ్చిన వాద్యములనుండి ఒక్కొక్క గుణమును ఏరి, అవి అన్నియు ఒక్కచోట కూడిన వాద్యమును మనస్సులో నిర్మించుకొందురు. విద్యుత్ గిటారు వాయించువారిలో ఒకరు 1952లో వెలువడిన గిబ్సన్ లెస్ పాల్ యొక్క దీర్ఘనాదమును కోరుదురు. మరియొకరు 1954 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ యొక్క ఒంపు తీరిన మేనును కోరుదురు. ఈ ఊహను మన వీణకు అన్వయించి చూడవలెనని మాకు తోచినది. దాదాపు నలువైపుల ఆంధ్రసీమ చుట్టిన పావగడ తాలూకాలో, ఇంట తెలుగును, బడిలో కన్నడమును పలుకు మనకు బొబ్బిలి వీణయు మైసూరు వీణయు రెండును సొంతములే గదా!

బొబ్బిలి వీణలో మాకు నచ్చినది ఏకాండి నిర్మాణము. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి శిల్పులు ఒకే పనస దుంగను తొలిచి కుండను, దండిని అతుకు లేకుండ తీర్చుదురు. మైసూరు బాణీలో నచ్చినది మీటు యొక్క మార్దవము. అయితే శేషణ్ణగారు (1852-1926), దొరస్వామి అయ్యంగారు (1920-1997) వంటి వారి వాదనమున పేరెన్నికగన్న ఆ మార్దవము చేతిదే గాని కొయ్యది కాదు. దానిని వడ్రంగి కూర్పజాలడు. ఇక గిటారునుండి గ్రహింపదగినది, అయస్కాంతమునకు చుట్టిన సన్నని రాగి తీగ. పైనున్న ఉక్కు తంత్రి కదలినంతనే ఆ చుట్టలో విద్యుత్తు పుట్టును.

వీనిని ఒకచోట చేర్చిన చాలునా? చాలదు. కుండ బోలుగా నుండుటచే నాదము గదియంతట వ్యాపించును గాని, తంత్రి శక్తి త్వరగా వ్యయమగును. గట్టి దిమ్మ వంటి గిటారులో నాదము చిరకాలము నిలుచును గాని, విద్యుత్తు లేనిదే చక్కగా వినబడదు. మంద్రస్థాయికి కట్టు ఇత్తడి తంత్రి చలనమును అయస్కాంతము పట్టజాలదు. మైనపు మేళముపై నిలిచిన మెట్లను చెవికి తగినట్లు సవరింపవచ్చును. ఎండకు ఆ మైనమే మెత్తబడును.

ఇట్టి చిక్కును విడదీసిన తెలుగువాడు, 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. మాండొలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తంత్రులుండును. జంటను సమముగా లాగి గమకము పలికించుట కష్టము. ఆయన జంటలను విడిచి ఒంటి తంత్రులను ఉంచి, మంద్రమునకై ఐదవదానిని చేర్చి, విద్యుత్తును తోడు తెచ్చుకొనిరి. రాగమునకు ఏది కావలెనో ముందు విచారించి, తక్కినది విడిచిరి. 2014లో ఆయన అస్తమించునాటికి ఆ వాద్యము కర్ణాటక కచేరీలో స్థిరపడినది. అయినను అది వీణ కాదు. ఒక్క మెట్టుపైననే తంత్రిని లాగి పలు స్వరములు పలికించు వీణ సొగసు ఆ పొట్టి తంత్రిపై అంత సులభముగా అబ్బదు.

కావున మా ఊహలోని వాద్యమునకు వీణ తంత్రుల పొడవు, ఎత్తైన 24 మెట్లు ఉండవలెను. మెట్లు మైనముపై గాక, జరుపుటకు వీలగు మరలపై నిలువవలెను. తంత్రులన్నియు ఉక్కు గర్భము గలవై యుండవలెను. కరెంటు లేని పూట సాధన ఆగకుండ కుండ కొంత బోలుగా నుండవలెను. బస్సులో మోయుటకు దండి విడివడవలెను. అనగా మేము మిక్కిలి ప్రేమించిన ఏకాండిని విడువవలెను. ఇది బాధాకరమే. కాని 24 మెట్లు తంజావూరి రఘునాథ నాయకుని కాలమున స్థిరపడినవని సంప్రదాయము చెప్పుచున్నది. వీణ అప్పుడు మారినది, ఇప్పుడును మారవచ్చును.

నేడు మన ఇండ్లలో వీణ బరువని, చోటు చాలదని పిల్లలకు కీబోర్డు కొనిపెట్టుచున్నారు. సాధారణమైన కీబోర్డుపై తంత్రిని లాగి స్వరమును వంచు విద్య అబ్బదు. ఏకాండి లేకున్నను వీణ వీణయే. గమకము లేనినాడు తోడియు లేదు, భైరవియు లేదు. ఏ వాద్యము కొన్నను, దానిపై గమకము పలుకునా యని ముందుగా విచారింపుడని మన కుటుంబములవారికి మా మనవి.