థీసిస్ పీఠిక విప్పి చూపిన పనితనం

"ఇంట్రడక్షన్ బలంగా లేదు, మళ్లీ రాసుకురా." డ్రాఫ్ట్ పట్టుకుని గైడ్ గదికి వెళ్లిన రీసెర్చ్ స్కాలర్లలో ఈ మాట విననివాళ్లు అరుదు. ఎక్కడ బలం తగ్గింది, ఏ వాక్యం దగ్గర చదివేవాడి చెయ్యి వదిలేశాం అని అడిగితే చాలామంది గైడ్లు తడుముకుంటారు. వాళ్లకు రాయడం రాక కాదు. చేత్తో చేసే పనిని నోటితో చెప్పడం వేరే విద్య, అది అందరికీ పట్టుబడదు. ఆ విద్యలో నాకు తెలిసి జాన్ స్వేల్స్‌ది అందెవేసిన చెయ్యి. క్రిస్టీన్ ఫీక్‌తో కలిసి ఆయన రాసిన 'అకడమిక్ రైటింగ్ ఫర్ గ్రాడ్యుయేట్ స్టూడెంట్స్' 1994లో మిషిగన్ యూనివర్సిటీ ప్రెస్ నుంచి వచ్చింది. 2012లో మూడో కూర్పు వెలువడింది. పేరు చప్పగా ఉందని పక్కన పెడితే నష్టపోయేది మనమే.

స్వేల్స్ బ్రిటన్‌లో పుట్టినా ఆయనకు అసలు బడి లిబియా, సూడాన్‌లలోని తరగతి గదులు. అక్కడ ఆయన విద్యార్థులు సైన్సు చదువుతున్నారు, కావాల్సింది ఇంగ్లీషు సాహిత్యం కాదు, ల్యాబ్‌లో చేసింది కాగితం మీద పెట్టడం. తర్వాత బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ యూనివర్సిటీలో చేరి, 1981లో ఒక చిన్న పుస్తకం వెలువరించారు. అందులో చేసిన పని ఇంతే: వేర్వేరు శాస్త్రాల నుంచి 48 పరిశోధన వ్యాసాల పీఠికలు తీసుకుని, ఒక్కో వాక్యం ఏం చెబుతోంది అని కాకుండా ఏం చేస్తోంది అని అడగడం. చదరంగంలో ఎత్తుల్లా, పీఠికలో వరసగా నాలుగు ఎత్తులు ఉంటాయని తేల్చారు. ఆ లెక్కతో మిగతావాళ్లు వ్యాసాలను గుర్తించబోతే మొదటి రెండు ఎత్తులను విడదీయడం కుదరడం లేదని తేలింది. 1990లో వచ్చిన 'జానర్ అనాలిసిస్'లో ఆయన నాలుగును మూడు చేశారు. పేరు తెచ్చిపెట్టిన సిద్ధాంతాన్ని తానే కత్తిరించుకోవడానికి గుండె కావాలి.

ఆ మూడు ఎత్తులూ ఎలా నడుస్తాయో చూడటానికి మన వైపు నుంచి ఒక ఉదాహరణ కల్పించుకుందాం.

"అనంతపురం ప్రాంతంలో వేరుశనగ ప్రధాన పంట. దాని దిగుబడికీ వర్షపాతానికీ ఉన్న సంబంధంపై పరిశోధనలు చాలా జరిగాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం సీజన్ మొత్తం మీద కురిసిన వానను లెక్కించాయి. పూత దశలో వానకూ వానకూ మధ్య వచ్చే ఎడాన్ని పట్టించుకున్నవి తక్కువ. ఈ వ్యాసం ఆ ఎడాన్ని పరిశీలిస్తుంది."

మొదటి రెండు వాక్యాలు పొలం గట్లు చూపిస్తున్నాయి. మూడోది, నాలుగోది అందులో దున్నని మూల ఎక్కడుందో చూపిస్తున్నాయి. ఐదోది అక్కడ నాగలి దించుతోంది. బరువంతా 'అయితే' మీద ఉంది. దాన్ని తీసేసి చదవండి, సమాచారం మిగులుతుంది కానీ ఈ పరిశోధన ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు మాయమవుతుంది. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు చాలావాటిలో కనబడని ఎత్తు ఇదే. వేదకాలం నుంచి మొదలుపెట్టి ముప్ఫై పేజీలు గట్ల వెంబడి నడిపించి, చివర్లో "అందువల్ల ఈ అంశాన్ని ఎంచుకున్నాను" అంటారు. ఎందువల్లో ఆ ముప్ఫై పేజీల్లో ఎక్కడా ఉండదు.

ఆ ఉదాహరణలోని నాలుగో వాక్యంలో ఇంకో నేర్పు ఉంది. "పట్టించుకున్నవి తక్కువ" అన్నాం, "ఎవరూ పట్టించుకోలేదు" అనలేదు. వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరే ఆ పట్టించుకున్న ఒక్కరూ అయితే? ఖాళీ చూపించాలి, పెద్దలను చిన్నబుచ్చకూడదు. స్వేల్స్, ఫీక్ దీన్ని మర్యాద పాఠంగా చెప్పరు. విద్యార్థి తనకన్నా ఎక్కువ తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాడు, అయినా విషయం తెలిసినవాడి గొంతుతో రాయాలి. ఈ ఇరకాటాన్ని మొదటి పాఠంలోనే బయటపెట్టి, మాటల ఎంపిక నుంచి వాక్యాల అల్లిక దాకా ప్రతిదాన్నీ దానికి ముడిపెడతారు.

పుస్తకంలో ఎనిమిది పాఠాలు. పరిశోధన వ్యాసం ఊసు ఏడో పాఠం దాకా రాదు. అది వచ్చాక కూడా ముందు పరిశోధన పద్ధతులు, ఫలితాలు. పీఠిక వంతు ఎనిమిదోదానిలో. అచ్చులో మొదట కనబడేదాన్ని రాయడంలో చివరకు నెట్టారు. తాను ఏం చేశాడో ఏ విద్యార్థికైనా తెలుసు, ఎందుకు చేశాడో చెప్పాలంటేనే నీళ్లు నములుతాడు. చేసిన పని కాగితం మీదకు వచ్చాక ఆ ఎందుకు కాస్త తేలిగ్గా దొరుకుతుంది. పాఠాల వరసలోనే ఇంత ఆలోచన పెట్టిన పాఠ్యపుస్తకాలు తక్కువ.

నాకు అన్నిటికన్నా నచ్చింది నాలుగో పాఠం. ఒక పట్టికో గ్రాఫో ముందు పెట్టి దాని గురించి రాయమంటారు. అంకెలను మళ్లీ అక్షరాల్లో చదివి వినిపిస్తే చాలదు, అవి ఎంతవరకు సాక్ష్యం చెబుతాయో తూచాలి. ఒక అభ్యాసంలో ఐఎంఎఫ్ విధానాలకూ ఒక ఆర్థిక సంక్షోభానికీ మధ్య పెట్టదగిన క్రియలు ఇచ్చి, గట్టి మాట నుంచి మెత్తని మాట దాకా వరసలో పేర్చమంటారు. మన వేరుశనగకు అదే చేసి చూద్దాం: ఎడం పెరిగితే దిగుబడి తగ్గుతుంది; తగ్గే అవకాశం ఎక్కువ; తగ్గడానికి అదీ ఒక కారణం కావచ్చు. రెండు మండలాల్లో రెండేళ్లు సేకరించిన లెక్కలతో మొదటి వాక్యం రాసేవాడు దొరికిపోతాడు. పదేళ్ల లెక్కలు చేతిలో పెట్టుకుని మూడో వాక్యం రాసేవాడు తన కష్టాన్ని తనే తగ్గించుకుంటాడు. వినయంగా రాయమని బోధించే పుస్తకాలు బోలెడున్నాయి. ఎంత వినయం సరిపోతుందో కొలిచి చూపించడం అరుదు.

చిన్న మరమ్మతుల్లోనూ ఇదే శ్రద్ధ. "పది రోజులు వానలు ఆగి పూత రాలిపోయింది. ఇది రైతులను దెబ్బతీసింది." ఇది అంటే వాన ఆగడమా, పూత రాలడమా? "ఈ పూత నష్టం" అని రాస్తే చిక్కు విడిపోతుంది, ముందు వాక్యం చెప్పినదంతా ఒక్క మాటలో మూటగట్టి తర్వాతి వాక్యానికి అందినట్టూ అవుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుని పాత డ్రాఫ్ట్‌ను దిద్దుకుంటే పేజీ తేటపడుతుంది.

ఈ పద్ధతి మీద అచ్చు తయారుచేశారన్న విమర్శ ఉంది. ఎవరి పీఠిక చూసినా అదే 'అయితే', అదే ఖాళీ. విమర్శలో నిజం లేకపోలేదు, ఆ మూడు ఎత్తులను మంత్రంలా వల్లించే వర్క్‌షాపులకు కొదవ లేదు. పుస్తకం మాత్రం విద్యార్థిని తన శాస్త్రంలోని వ్యాసాలు తెచ్చుకుని, నమూనా వాటికి అతుకుతుందో లేదో సరిచూసుకోమంటుంది. స్వేల్స్‌కు ఇంగ్లీషు పెత్తనం గురించీ భ్రమలు లేవు. పరిశోధన లోకంలో ఆ భాష మిగతావాటిని మింగేసే టైరనోసారస్ రెక్స్ అవుతోందా అని 1997లోనే ఒక వ్యాసంలో ప్రశ్నించారు. మరుసటి ఏడు వచ్చిన 'అదర్ ఫ్లోర్స్, అదర్ వాయిసెస్'లో మిషిగన్‌లో తాను పనిచేసిన భవనంలోని మూడు అంతస్తులనే పరిశోధించారు. ఒకదానిలో కంప్యూటర్ కేంద్రం, ఇంకొకదానిలో ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే హెర్బేరియం, మరోదానిలో ఆయన డైరెక్టర్‌గా ఉన్న ఇంగ్లీషు భాషా సంస్థ. మెట్లు దిగితే రాత తీరే మారిపోతుంది. ఒక్కో వృక్షజాతి వర్ణనకు ఏళ్లు వెచ్చించే శాస్త్రవేత్తల తొందరలేని రాతను ఆయన ఎంత ఇష్టంగా వర్ణిస్తారో చదివినవాళ్లకు, ఈయన అచ్చులు పోసే మనిషి కాదని తెలుస్తుంది.

మన దగ్గర యూజీసీ 2018లో కాపీల మీద నిబంధనలు తెచ్చింది. సారూప్యం పది శాతం దాటితే చర్యలు మొదలవుతాయి. సాఫ్ట్‌వేర్ శాతం చెబుతుంది, వాక్యం ఏం చేస్తోందో చెప్పదు. అది మనమే చూసుకోవాలి. తెలుగు శాఖల థీసిస్‌లు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఎవరైనా చదువుకోవచ్చు. ఒక యాభై పీఠికలు దింపుకుని, ప్రతి వాక్యం పక్కన అది చేస్తున్న పనేమిటో పెన్సిల్‌తో రాసుకుంటూ పోతే, మనవాటిలో ఎత్తులు మూడో ఐదో తేలిపోతుంది. ఒక సెమిస్టర్‌కు సరిపడే పని. చేసేవాళ్లు కృతజ్ఞతల పేజీని వదలకండి. మన థీసిస్‌లలో చాలాసార్లు చక్కగా కుదిరేది ఆ పేజీయే. స్వేల్స్, ఫీక్ కూడా దానికి చోటిచ్చారు.